సోమవారం ఇచ్చిన అర్జీ

నాకు అనుమానం ఎక్కువ. ఆ సంగతి ముందే ఒప్పేసుకోవడం మంచిది. దుకాణంలో కొన్న పాల ప్యాకెట్టును కూడా వెలుతురుకు పెట్టి, మూల చిరిగిందేమో చూసిగానీ ఇంటికి తీసుకురాను. మా ఆయన కాట్టుపల్లి రేవులో కాంట్రాక్టు పని చేస్తాడు. వారానికొకసారి ఇంటికొచ్చే ఆ మనిషి సంచీలో ఏముందో ఆయనకంటే ముందు నాకు తెలిసిపోతుంది. "నువ్వు పోలీసులో చేరాల్సిండేదానివి," అని ఎగతాళి చేస్తాడు. నేను పోలీసులో చేరలేదు. అర్జీలు రాసుకుని బతుకుతున్నాను.

సోమవారాలు తిరువళ్ళూరులో కలెక్టరు ఆఫీసు బయట, మిగతా రోజులు తిరుత్తణిలో రిజిస్ట్రారు ఆఫీసు బయట నా మడత బల్ల ఉంటుంది. పట్టా మార్పు, ముసలివాళ్ళ పింఛను, పక్కింటివాడు గోడ జరిపాడన్న గొడవ, ఏదైనా సరే, వాళ్ళు చెప్పింది విని తమిళంలో రాసిపెడతాను. మా వైపు అర్జీని ‘మను’ అంటారు. మాది నేతపనివాళ్ళ వీధి. నోటికి తెలుగు, చేతికి తమిళం, అలాగే నా బతుకు నడిచిపోయింది.

నా అర్జీకి ఒక పేరుంది. అందులో అబద్ధం ఉండదు. వచ్చిన మనిషి పది మాటలు చెబితే అడ్డు ప్రశ్నలు వేసి, తేలని మాటలు తీసేసి, నిలబడేవి మాత్రమే కాగితం మీద పెడతాను. ఒక్క అబద్ధం దొరికినా అధికారి మొత్తం కాగితాన్ని పక్కన పడేస్తాడు. అందుకే నా బల్ల ముందు ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. ఆ పేరు చూసుకుని నాకు లోపల గొప్పగా ఉండేది. ఆ గొప్పే నా కొంప ముంచింది.

మా అమ్మాయి ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదువుతున్నప్పుడు ఒక శనివారం పొద్దున బూట్లు కట్టుకుంటూ చెప్పింది.

"మా, బడి గ్రౌండుకి కొత్తగా ఒక అక్క వస్తా ఉండాది. ఆఫ్ఘనిస్తాన్ అక్క. వాళ్ళ దేశం టీములో ఆడిందంట. మాకు ఫుట్‌బాల్ నేర్పిస్తా ఉండాది."

"ఎంత అడుగుతాది?"

"ఏమీ అడగదు మా. సుమ్మానే, ఊరికే."

"చెన్నై నుంచి రైలెక్కి సుమ్మా ఎవురొస్తారే? వెనకాల ఎవురో ఉంటారు."

"నీకు అన్నీ ఇట్లే కనపడతాయి," అని అది బంతి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

నాకు మనసు నిలవలేదు. మరుసటి శనివారం బల్ల వేయకుండా నేరుగా బడి గ్రౌండుకు వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాను. ఆమెకు ఇరవై ఆరేళ్ళుంటాయేమో. పొడగరి. అంత ఎండలోనూ నిండు చేతుల చొక్కా, తలకు గుడ్డ, గుడ్డ మీద టోపీ, ఎడమ మోకాలికి పట్టీ. పిల్లలను కాసేపు ఆడించడం, ఆ తర్వాత గోల్‌పోస్టు పక్కన కూర్చుని ఫోనులో ఏదో రాసుకోవడం. రాస్తున్నంతసేపూ మొహం మరో మనిషి మొహం అయ్యేది. ఎవరికి అంత రాస్తోంది? తర్వాత నోటు పుస్తకం తీసింది. ఒక్కొక్క పిల్లనూ పిలిచి, కాగితం మీద పాదం పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీసి, పక్కన పేరు రాసుకుంది. పేరంటే సరే. పాదం కొలత ఎందుకు?

సాక్ష్యం ఉంటే మంచిదని నేను ఫోను తీసి ఫోటో తీయబోయాను. అంత దూరం నుంచి ఎలా చూసిందో, పరిగెత్తుకొచ్చి అరచెయ్యి అడ్డం పెట్టింది. "నో ఫోటో ఆంటీ, ప్లీజ్." ఆ చెయ్యి వణుకుతోంది. తప్పు చేయనివాళ్ళకు ఫోటో అంటే ఇంత భయమెందుకని నేను అక్కడే తీర్పు చెప్పేసుకున్నాను.

బడిలో ఆటలు నేర్పే పీటీ మిస్‌ను పక్కకు పిలిచాను. "ఆమె యాడుంటాది మిస్? కాగితాలన్నీ చూసినారా?"

"చెన్నైలో ఎంఏ చదువుతా ఉండాది. మంచి పిల్లక్కా."

"మంచి పిల్ల అని యాడన్నా రాసిచ్చినారా?"

మిస్ నవ్వింది. నేను నవ్వలేదు.

ఆ సాయంకాలం అమ్మాయి స్నానానికి పోయినప్పుడు దాని ఫోను మోగింది. చూడకూడదని తెలుసు. చూశాను. ఆటపిల్లల గ్రూపులో ఆమె మాటలు రికార్డు చేసి పంపింది. వేలు తగలగానే గొంతు పలికింది. ఏదో తెలియని భాష, మధ్యలో హిందీ, మధ్యలో ఇంగ్లీషు. అందులోంచి ఒక మాట మాత్రం మా వంటింట్లో మాట్లాడినంత స్పష్టంగా వినబడింది. "పా... పా." కాసేపాగి "పాయె". మళ్ళీ "పాయె". చివర "నెక్స్ట్ సండే, చెన్నై, పాస్‌పోర్ట్".

మా వైపు తెలుగు తెలియనివాళ్ళకు ఇక్కడ కొంచెం చెప్పాలి. మేము ‘పద’ అనం, ‘పా’ అంటాం. పా అంటే లే, బయల్దేరు అని. పోయింది అనడానికి ‘పాయె’ అంటాం. బస్సు పాయె, కరెంటు పాయె, మానం పాయె. ఇప్పుడు మీరే విని చెప్పండి: పా, పా, పాయె, పాయె, చెన్నై, పాస్‌పోర్టు. మన భాష రానట్టు నటిస్తూ పిల్లలకు మన భాషలోనే కబురు పెడుతోందంటే ఎంత గుండెలు తీసిన బంటు అనుకున్నాను.

అమ్మాయి తల తుడుచుకుంటూ రాగానే అడిగాను. "ఆమె మిమ్మల్ని యాడికి పా అంటా ఉండాది?"

అది ముందు పకపకా నవ్వింది. తర్వాత ఫోను నా చేతిలో ఉండటం చూసింది. "నా ఫోను తీసి వింటివా? చెప్పినా నమ్మవు కదా నువ్వు. నేను చెప్పను పో."

ఆ ఒక్కసారి చెప్పి ఉంటే నమ్మేదాన్నా? ఇన్నాళ్ళు ఆలోచించాక నిజం చెబుతున్నాను. నమ్మేదాన్ని కాదు.

మర్నాడు దాన్ని గ్రౌండుకు పోనివ్వలేదు. మా వీధిలోనే ఆడపిల్లలున్న ఇద్దరు తల్లులకు సంగతి చెప్పి, ఖాళీ కాగితం మీద సంతకాలు పెట్టించుకున్నాను. సోమవారం తిరువళ్ళూరు రైల్లో కిటికీ పక్కన కూర్చుని మనసులోనే వాక్యాలు పేర్చుకున్నాను. దిగి, నా బల్ల వేసుకుని, ముందున్నవాళ్ళను ఆగమని చెప్పి, నా సొంత అర్జీ రాశాను. జీవితంలో అంత బాగా రాసింది మరొకటి లేదు. ఆమె పిల్లలను ఎత్తుకుపోతుందని ఎక్కడా రాయలేదు. అలా రాస్తే రుజువు అడుగుతారు. చూసింది, విన్నది మాత్రం వరుసగా పెట్టి, మిగతాది చదివేవాడే అనుకునేలా చేశాను. అది నా పనితనం. కాగితం లోపలిచ్చి, నంబరు వేసిన రసీదు తీసుకుని, ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

ఆ వారమంతా అమ్మాయి నాతో మాట మానేసింది. శనివారం నేను నీళ్ళ మోటారు వేయడానికి వెనక్కి వెళ్ళిన సందులో గ్రౌండుకు వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను. ఈసారి ఆమెను నలుగురిలో నిలదీయాలని.

ఆ రోజు కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్ల ఒకతె బంతిని వేళ్ళ కొసతో తన్నుతోంది. అలా కాదని చెప్పడానికి ఆమె వంగి, ఆ పిల్ల పాదం పక్కన తట్టి, "పా! పా!" అంది. పిల్ల బంతిని అక్కడే వదిలేసి గేటు వైపు ఒకటే పరుగు. పెద్దవాళ్ళు పా అన్నాక పోకుండా ఎలా ఉంటుంది? గ్రౌండంతా నవ్వులు. ఆమె కూడా నడుం పట్టుకుని నవ్వింది. మా అమ్మాయి పోయి ఆ పిల్లను చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది.

"ఏయ్, పొమ్మని కాదే. అక్క భాషలో పా అంటే కాలు. పాయె చప్ అంటే ఎడమ కాలు, పాయె రాస్త్ అంటే కుడి కాలు. ఆటలో ఉంటే ఆ అక్కకి వాళ్ళ మాటలే వస్తాయి. మేమూ మొదట్లో ఇట్లే పరిగెత్తినాం."

అప్పుడు నన్ను చూసింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను.

పీటీ మిస్ నా దగ్గరికి వచ్చింది. "అక్కా, రేపు చెన్నైలో మ్యాచి ఉండాది. ఐడీ కార్డుకి పాస్‌పోర్ట్ సైజు ఫోటో మీ పాప ఒకతే ఇంకా ఇయ్యలేదు."

"ఆ పాదాల కొలతలు?" అన్నాను.

"ఎవురో వాడిన బూట్లు పంపిస్తామన్నారంట. సైజులు అడిగినారంట."

ఆట అయ్యాక ఆమె మా పక్కనే కూర్చుని నీళ్ళు తాగుతూ మాట్లాడింది. మిస్ నాకు తెలుగులో చెబుతూ పోయింది. చిన్నప్పుడు వాళ్ళ బడి ప్రహరీ లోపలే ఆడేవారట. బంతి గోడ దాటితే వీధిలోకి పోయి తెచ్చుకునే వీల్లేదు, అందుకే బంతిని నేల మీంచి లేవనివ్వకుండా ఆడటం నేర్చుకున్నారట. పదిహేడేళ్ళకు దేశం టీములో బ్యాక్, అంటే గోల్‌కీపరు ముందు కాపలాగా, ఆడింది. వేరే దేశాలకు పోయి ఆడింది. చదువుకోవడానికి చెన్నై వచ్చిన కొన్నాళ్ళకే వాళ్ళ దేశంలో పాలన మారింది. ఆడపిల్లలకు ఆట పోయింది, బడి పోయింది. టీము ఫోటోలు ఎవరి చేతికైనా చిక్కుతాయని భయపడి వాళ్ళమ్మ ఈమె జెర్సీలూ సర్టిఫికెట్లూ తందూరు పొయ్యిలో వేసి కాల్చేసింది. చెల్లెలు ఇంకా అక్కడే ఉంది. ఈమె ఇక్కడ ఆడుతున్న ఫోటో ఒక్కటి బయటికి పోతే చెల్లెలికి ముప్పు. చెయ్యి వణికింది అందుకు.

గోల్‌పోస్టు పక్కన కూర్చుని రాసేది ఉత్తరాలు. టీములో తనతో ఆడిన పిల్లలు కొందరు అక్కడ దాక్కుని ఉన్నారు. వాళ్ళను తీసుకోండని ఈ దేశానికీ ఆ దేశానికీ, ఆటల సంఘాలకూ ఒక్కొక్క పిల్ల పేరు మీద రాస్తుంది. ఇద్దరు ముగ్గురు బయటపడ్డారు. తక్కినవాళ్ళు ఎదురుచూస్తున్నారు. సాయంత్రాలు ఫోనులోనే అక్కడి పిల్లలకు ఇంగ్లీషు పాఠం చెబుతుందట. నేను వింటూ కూర్చున్నాను. అంటే నేను చేసే పనే ఆమె చేస్తోంది. నేను కలెక్టరుకు రాస్తాను, ఆమె దేశాలకు రాస్తుంది.

"ఈ పిల్లదే ఇప్పుడు కష్టంగా ఉండాదక్కా," అంది మిస్. "ఇంకో ఏడాది ఇక్కడ ఉండేదానికి అనుమతి అడిగింది. వచ్చే నెలలో పోలీసు రిపోర్టు బాగుంటే ఇస్తారు. లేదంటే ఆ దేశానికే పోవాల. పోతే ఏమైతాదో మీకు చెప్పేదేముంది."

నోరు తెరిచి చెప్పి ఉంటే ఎంత బాగుండేది. చెప్పలేదు. సోమవారం పోయి గుట్టుగా వెనక్కి తీసుకుంటే ఎవరికీ తెలియదు కదా అనుకున్నాను. ఇంటికొచ్చి ఫోటో తీయించి ఇచ్చి, మర్నాడు అమ్మాయిని చెన్నై పంపించాను. అందులో నా మంచితనం ఏమీ లేదు, భయం.

సోమవారం తలుపులు తెరవకముందే తిరువళ్ళూరు ఆఫీసు దగ్గరున్నాను. అక్కడి గుమాస్తా నన్ను ఏళ్ళ తరబడి ఎరుగును.

"ఆ మనునా అక్కా? అది ఆ పొద్దే పోలీసుకి పంపించేసినాం. ఆడపిల్లోళ్ళ సంగతి, బయటిదేశం మనిషి. ఒక్క పూట కూడా పెట్టుకోలేదు."

"అది తప్పన్నా. తీసెయ్యాల."

"సరే, దాంట్లో ఏది తప్పో గీసి చూపించండి. పైకి రాసి పంపిస్తా." అతను కాపీ తీసి నా ముందు పెట్టాడు.

పెన్ను మూత తీసి మొదటి నుంచి చదివాను. విదేశీయురాలు, నిజం. పిల్లల పేర్లూ పాదాల కొలతలూ రాసుకుంటోంది, నిజం. ఫోటో తీయనివ్వదు, నిజం. పాస్‌పోర్టు అన్న మాట వాడింది, నిజం. మా భాషలో పా అని వినబడింది, అదీ నిజమే. గీయడానికి నాకు ఒక్క మాట దొరకలేదు. కాగితం నిండా నిజాలు పెట్టి ఒక మనిషికి ఇంత అన్యాయం చేయవచ్చని, ఇన్నేళ్ళు ఈ పని చేస్తూ నాకు తెలియదు. "మీరు రాసింది ఎప్పుడన్నా తప్పైనాదా అక్కా!" అని గుమాస్తా మెచ్చుకోలుగా నవ్వాడు. మేము తప్పుగా అర్థం చేసుకున్నామని మరో అర్జీ రాసిచ్చాను. అది మొదటిదానికి జతచేస్తారట. మొదటిది మాత్రం అలాగే ఉంటుందట.

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. దానికి తెలియకూడదని కాదు, దానికి తెలియని ముక్క ఇందులో పెద్దగా లేదు. తమిళంలో రాద్దామంటే చెయ్యి రావడం లేదు.

గురువారం సాయంకాలం రిజిస్ట్రారు ఆఫీసు మూసే వేళకు నా బల్ల దగ్గరికి ముగ్గురు వచ్చారు. పీటీ మిస్, ఆమె, బడి సంచీతో మా అమ్మాయి.

"అక్కా, ఎవురో ఈ పిల్ల మీద మను పెట్టినారు," అంది మిస్. "పోలీసులు పెట్టినోళ్ళ పేర్లు, సంతకాలు కొట్టేసి ఫోనుకి కాపీ పంపించి, వారంలో జవాబు రాసియ్యమన్నారు. రెండు వరసలు చదివేసరికి నాకు కడుపు మండి మూసేసినా. మీరైతేనే దీనికి సరైన జవాబు రాస్తారు. ముందు దాంట్లో ఏముండాదో చదవండి, మీ పాప ఇంగ్లీషులో చెప్తాది."

ఫోను మొదట మా అమ్మాయి తీసుకుంది. నాలుక మడిచి పలికే తమిళ ‘ళ’కు తోకను కిందికి లాగి చివర ముడి వేయడం నాకు అలవాటు. ఊళ్ళో మరెవరూ అలా రాయరు. అమ్మాయి తెర మీద అక్షరాన్ని పెద్దది చేసి చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత ఫోను నా చేతికిచ్చింది.

"నువ్వే చదువు మా."

చదివాను. ఒక్కొక్క వాక్యం నేను తమిళంలో చదవడం, అది ఇంగ్లీషులో చెప్పడం. ప్రతి వాక్యానికీ ఆమె తల ఊపి "ట్రూ" అంటోంది. ‘పా’ దగ్గరికి వచ్చేసరికి ఆమె నవ్వింది, నవ్వి ఆపేసింది. తెలివైన పిల్ల. ఆ మాట అలా వినబడేది ఎవరి చెవికో ఆమెకు తెలుసు. "ఇది రాసింది తెలుగువాళ్ళు," అంది.

"నేనే రాసినా," అన్నాను.

దాన్ని మా అమ్మాయి ఇంగ్లీషులో చెప్పనక్కర్లేకపోయింది. మిస్ "అయ్యో అక్కా" అని లేచి దూరంగా పోయి నిలబడింది. ఆమె ఫోను సంచీలో పెట్టుకుని బస్టాపు వైపు పది అడుగులు వేసింది. అక్కడ ఆగి, తిరిగి వచ్చి, నా ఎదుట బెంచీ మీద కూర్చుంది. ఆమె చెప్పింది మా అమ్మాయి రోడ్డు వైపు చూస్తూ నాకు చెప్పింది.

"ఆ అక్క ఇన్ని ఉత్తరాలు రాసిందంట. ఒక్కటీ వారంలో కదల్లేదంట. నీది కదిలిందంట. వాళ్ళ గోల్‌కీపరు కోసం అట్లాంటిది ఒకటి రాసియ్యమంటా ఉండాది."

ఎత్తిపొడుపో, నిజంగా అడుగుతోందో తెలియలేదు. అంత జరిగాక కూడా నేను ఆమె మొహంలో దానికోసమే వెతికాను. ఇప్పటికీ నాకు తేలలేదు. కాగితం తీసుకున్నాను.

ఆ గోల్‌కీపరు మేనమామ ఇంట్లో దాక్కుని ఉంది. నేను అలవాటుగా అడ్డు ప్రశ్నలు వేశాను. ఆడినట్టు రుజువుందా? కాల్చేశారు. ఫోటో? లేదు. పేరున్న కాగితం ఏదైనా? లేదు. ఆమె ఆడగా కళ్ళారా చూసినవాళ్ళు దేశం బయట ఎవరున్నారు?

"నేనే," అంది. "ఆమె ముందు నిలబడి ఆడింది నేను. వాళ్ళందరికీ నేనే సాక్షి."

అర్జీ ఒక పేజీలో బాగా కుదిరింది. చివర సాక్షి అని రాసి గీత గీశాను. దాని కింద సాక్షి పేరు, ఉంటున్న చోటు, ఏ అనుమతి మీద ఉంటున్నదీ రాయాలి. అక్కడ నా పెన్ను ఆగింది. పోలీసు విచారణలో ఉన్న మనిషి సంతకాన్ని నేనే ఈ బల్ల దగ్గర ఎన్నోసార్లు వద్దని తిప్పి పంపాను. ఇక దేశాలు ఎందుకు తీసుకుంటాయి? నేను దెబ్బ కొట్టింది ఈమె ఒక్కదాన్నే అనుకున్నాను. దాక్కున్న పిల్లలందరినీ కొట్టానని అప్పుడు అర్థమైంది.

ఎందుకు ఆగిపోయారని ఆమె మా అమ్మాయిని అడిగింది. నా బల్ల పక్కన పెరిగిన పిల్ల అది. ఆ గీతను చూసింది, నన్ను చూసింది, అర్థం చేసుకుంది. ఆమె వైపు తిరిగి ఇంగ్లీషులో మెల్లగా, నాకు కూడా అర్థమయ్యేలా చెప్పింది.

"అక్కా, మా అమ్మ పెట్టిన మను తేలేదాకా నీ సంతకం చెల్లదు."

"ఈ ఒక్కదానికేనా?"

"ఎవరికీ చెల్లదక్కా."

విచారణ ఇంకా నడుస్తోంది. ఆ గోల్‌కీపరు ఇంకా అక్కడే ఉంది.